నాచు పూల విత్తనాలు: లోతుగా వేస్తే మొలవవు, తడి ఎక్కువైతే నిలవవు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో మూడో అంతస్తు ఫ్లాట్, పడమటి వైపు బాల్కనీ. నాచు పూల విత్తనాల ప్యాకెట్ తెచ్చి రెండుసార్లు వేశారు. మొదటిసారి వేలితో గుంట చేసి అరంగుళం లోతులో వేసి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కప్పారు, ఇరవై రోజులైనా ఒక్కటీ రాలేదు. రెండోసారి పైపైన చల్లి రోజుకు రెండు పూటలా నీళ్లు చిలకరించారు. ఆరో రోజుకే పచ్చగా మొలిచాయి, పన్నెండో రోజు పొద్దున్నే చూస్తే అన్నీ పక్కకు వాలిపోయి ఉన్నాయి. విత్తనాలు నకిలీవా, బెంగళూరు వాతావరణం ఈ మొక్కకు పడదా, ఇదంతా ఎందుకు, ఒక కొమ్మ తెచ్చి గుచ్చుకుంటే పోలేదా అని అడిగారు.

విత్తనాలు మంచివేనండీ. రెండోసారి ఆరు రోజుల్లో మొలిచాయంటే అంతకన్నా రుజువు అక్కర్లేదు. బెంగళూరు కూడా ఈ మొక్కకు బాగానే పడుతుంది, కాకపోతే నెల చూసుకుని వేయాలి. మొదటిసారి లోతు వల్ల పోయాయి, రెండోసారి తడి ఎక్కువై నారుకుళ్లు పట్టి పోయాయి. ఈసారి ఇలా చేయండి: విత్తనం మీద మట్టి కప్పకండి. మొలిచేదాకా, మొలిచాక ఇంకో వారం పైనుంచి నీళ్లు పోయకండి. మొలక కనబడిన రోజు నుంచే ఎండ చూపించండి. నారుకు ఎరువు వేయకండి. ఇంతే. మిగతాదంతా ఎందుకలా అన్న వివరం, నా దగ్గర జరిగిన సంగతులు.

నేను చెన్నై మడిపాక్కంలో పదకొండేళ్లు, ఇక్కడ బెంగళూరు రామమూర్తి నగర్‌లో తొమ్మిదేళ్లుగా మేడ మీద ఈ పూలు పెంచుతున్నాను. ఏటా కొన్ని కుండీలైనా విత్తనం నుంచే తీస్తాను. మన వైపు నాచు పూలు, గడ్డి గులాబి అంటారు, నర్సరీల్లో టేబుల్ రోజ్ అంటారు, చెన్నైలో మా పక్కింటివాళ్లు పత్తు మణి పూ అనేవారు, అంటే పది గంటల పువ్వు. శాస్త్రీయ నామం పోర్టులాకా గ్రాండిఫ్లోరా. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ వైపు ఇసుక నేలల్లో, రాళ్ల సందుల్లో నేలబారుగా పాకుతూ పెరిగేది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దానికి ఏం కావాలో సగం అదే తెలిసిపోతుంది.

ముందు లోతు సంగతి. గింజను అరచేతిలో వేసుకుని చూడండి. గసగసాల కన్నా చిన్నది, గ్రాముకు దాదాపు 10,000 తూగుతాయి. అంత చిన్న గింజలో మొలకకు దాచిపెట్టిన తిండి ఎంత ఉంటుంది? అరంగుళం మట్టిని తోసుకుని పైకి వచ్చే బలం దానికి లేదు. అంతకన్నా ముఖ్యం, ఈ గింజ మొలవాలంటే దానికి వెలుతురు తగలాలి. చీకట్లో తడి తగిలినా అది నిద్ర లేవదు. మనం చిన్నప్పటి నుంచి చిక్కుడు గింజ, బెండ గింజ గుంట తీసి పెట్టడం చూసినవాళ్లం కాబట్టి చేయి తనంతట తనే గుంట తీస్తుంది. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. చల్లాక అరచేత్తోనో చిన్న చెక్కముక్కతోనో మెల్లగా ఒక్కసారి అదిమితే చాలు, గింజ మట్టికి ఆనుతుంది, పైకి కనబడుతూనే ఉంటుంది.

చల్లడం కూడా చూసి చేయాలి. నేరుగా ప్యాకెట్ నుంచి దులిపితే వంద గింజలు ఒకేచోట పడతాయి, ఆ గుంపులోనే కుళ్లు మొదలవుతుంది. నేను చిటికెడు గింజల్ని మూడు చెంచాల పొడి సన్న ఇసుకలో బాగా కలిపి, ముగ్గు పెట్టేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జార్చినట్టు ట్రే అంతా గీతలుగా జారుస్తాను. ముగ్గు అలవాటున్న చేతులకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ట్రేలో గీతలుగా వేయడంలో ఇంకో లాభం ఉంది, దాని గురించి కింద చెప్తాను. కొన్ని కంపెనీల గింజలు రంగు పూత పూసిన గుళికల్లా వస్తాయి, ఒక్కో గుళికలో నాలుగైదు గింజలు ఉండొచ్చు. వాటికి ఇసుక కలపాల్సిన పని లేదు, కానీ పూత పూర్తిగా కరిగేదాకా మట్టి పైభాగం ఆరకూడదు.

ఇక మట్టి. మీరు ఒట్టి కోకోపీట్ వాడానన్నారు. పెద్ద తప్పేమీ కాదు కానీ ఈ మొక్కకు అది మరీ ఎక్కువ నీళ్లు పట్టుకునే పదార్థం. పైన ఆరినట్టు కనబడుతుంది, వేలు పెడితే లోపల స్పాంజిలా తడి. మనం పైన చూసి మళ్లీ పోస్తాం. నేను వాడేది: జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, గరుకు ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పాత కంపోస్టు గానీ కడిగి పిండిన కోకోపీట్ గానీ ఒక పాలు. ఇసుక దగ్గర ఒక్క మాట. బెంగళూరులో ఇప్పుడు ఎక్కడ అడిగినా ఎం-శాండ్, అంటే రాళ్లు పిండి చేసి తీసిన ఇసుక, ఇస్తారు. దాన్ని అలాగే కలిపితే అందులోని రాతి పొడి నీళ్లు తగిలి గట్టిపడుతుంది, కుండీ పైన సిమెంటు పూసినట్టు అవుతుంది. టీ జల్లెడ లాంటి దాంట్లో వేసి పొడి రాల్చేసి, మిగిలిన పలుకును రెండుసార్లు కడిగి వాడండి. కలిపిన మట్టిని పిడికిట బిగించి వదిలితే ముద్దగా నిలవకుండా విడిపోవాలి. నిలిచిందంటే ఇంకొంచెం ఇసుక పడాలి.

విత్తడానికి ముందు రోజు ఆ మట్టి మీద బాగా మరిగిన నీళ్లు పోసి చల్లారనిస్తాను. ఫంగస్, కలుపు గింజలు చాలావరకు పోతాయి. ఎర్రమట్టి వాడేవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. అందులో గంగవాయిల కూర గింజలు ఉంటాయి. అది కూడా పోర్టులాకానే, ఈ పువ్వుకు దగ్గరి చుట్టం. మొలకలప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, ఎర్రటి కాడ, రెండు బుల్లి కండగల ఆకులు. మా పక్కవీధిలో ఒకావిడ నలభై రోజులు ఎంతో శ్రద్ధగా సాకింది, పువ్వు ఎప్పుడు పూస్తుందండీ అని నన్ను పిలిచి చూపిస్తే కుండీ నిండా గంగవాయిల కూర. ఆ పూట వాళ్లింట్లో పప్పులోకి పనికొచ్చింది. తేడా నాలుగో ఆకు నుంచి తెలుస్తుంది: కూర ఆకు వెడల్పుగా, చెంచా ఆకారంలో ఉంటుంది, నాచు పూల ఆకు సన్నగా, గుండ్రంగా, లావుపాటి సూదిలా ఉంటుంది, ఆకు కాడకు అతికే చోట తెల్లటి నూగు వెంట్రుకలు కనబడతాయి. ఇందాక గీతలుగా చల్లమన్నది ఇందుకే. గీత తప్పి మొలిచినవి మనవి కావు, ధైర్యంగా పీకేయొచ్చు.

ఇప్పుడు మీ అసలు బాధ, పన్నెండో రోజు వాలిపోవడం. వాలిన మొలకల్లో ఒకదాన్ని దగ్గర పెట్టుకుని చూసి ఉంటే మీకే తెలిసేది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, కానీ మట్టిని తాకే చోట కాడ నీళ్లు పట్టినట్టు పారదర్శకంగా అయి, దారంలా సన్నబడి ఉంటుంది. అదే నారుకుళ్లు. మట్టిలో ఉండే ఫంగస్ లాంటి సూక్ష్మజీవుల పని. వంకాయ నారు, మిరప నారు పోసే రైతులందరికీ ఇది తెలిసిన తెగులే. ఎడతెగని తడి, గాలి ఆడకపోవడం, గుంపుగా మొలవడం, ఎండ లేకపోవడం, ఈ నాలుగూ కలిస్తే ఒక్క రాత్రిలో ట్రే అంతా పడుకుంటుంది. వాలినదాన్ని ఏ మందూ లేపలేదు. చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసి పారేసి, మిగిలిన ట్రేని ఎండలో పెట్టి నీళ్లు ఆపడం ఒక్కటే దారి. ముందుజాగ్రత్తగా ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు చేసే ఫంగస్) పొడి మట్టిలో కలిపేవాళ్లు ఉన్నారు, మంచిదే, నేనూ కొన్నేళ్లు వాడాను, కానీ నీళ్ల పద్ధతి మార్చకుండా అది కలిపితే ప్రయోజనం లేదు.

నీళ్ల పద్ధతి ఇది. ట్రేకు అడుగున కన్నాలు ఉండాలి. పెద్ద పళ్లెంలో ఒక అంగుళం నీళ్లు పోసి అందులో ట్రే కూర్చోబెడితే పది పదిహేను నిమిషాల్లో మట్టి కింది నుంచి తడి పీల్చుకుంటుంది, పైన రంగు మారడం కనబడుతుంది. అప్పుడు తీసి నీళ్లు కారనిచ్చి పక్కన పెట్టేయాలి. పళ్లెంలోనే వదిలేయకూడదు. మొలకలు వచ్చేదాకా పైన ఒక పారదర్శకమైన స్వీట్ బాక్స్ మూత వదులుగా ఆనించండి, పైపొర ఆరదు. మొదటి మొలక కనబడగానే మూత తీసేయాలి. ఇంకో రెండు రోజులు ఉంచితే మిగతావి కూడా వస్తాయి కదా అని ఆశపడి చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. మూత తీశాక మళ్లీ తడి ఎప్పుడు ఇవ్వాలంటే, పైన అర సెంటీమీటరు మట్టి పొడిగా తెల్లబడినప్పుడు.

చీమల మాట మర్చిపోయాను. మేడ మీద గానీ బాల్కనీలో గానీ ఈ గింజల్ని చీమలు ఒక్క పూటలో మోసుకుపోతాయి, మనం మొలవలేదనుకుంటాం. పళ్లెంలో ఇటుక పెట్టి, చుట్టూ నీళ్లు పోసి, ఇటుక మీద ట్రే ఉంచితే ఆ బెడద ఉండదు. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, దోమలు గుడ్లు పెడతాయి.

నెల గురించి. ఈ గింజకు 24 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి బాగా నప్పుతుంది. అలాంటి వేడిలో వారం నుంచి పది రోజుల్లో మొలుస్తుంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 16 డిగ్రీల దాకా దిగుతాయి. అప్పుడు వేస్తే గింజ తడిలో నానుతూ కూర్చుంటుంది, కొన్ని మూడు వారాలకు మొలుస్తాయి, చాలావరకు కుళ్లుతాయి. అందుకే నా లెక్క పండగల మీద నడుస్తుంది. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, ఆ మర్నాడే విత్తనం చల్లుతాను. అక్కడి నుంచి సరిగ్గా నెలకు ఉగాది. అప్పటికి మొలకలు రెండంగుళాలు అవుతాయి, కుండీల్లోకి మారుస్తాను. అక్షయ తృతీయ నాటికి, అంటే విత్తిన రెండు నెలలకు, కుండీల్లో పూలు విచ్చుకుని ఉంటాయి. కొన్నేళ్లు ఒక వారం అటూ ఇటూ అవుతుంది గానీ ఈ లెక్క నాకు ఇక్కడ తప్పలేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే వానలకు మాత్రం కొత్తగా నాటిన కుండీల్ని చూరు కిందికి జరపండి.

వానాకాలం నారు మాత్రం పోయొద్దు. ఇది నేను నష్టపోయి తెలుసుకున్నది. చెన్నై నుంచి మే నెలలో ఇల్లు మారాం. చెన్నైలో జూన్ అంటే మండే ఎండ, అక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ లెక్కే ఇక్కడా అనుకుని జూన్ మొదటి వారంలో మూడు ట్రేలు చల్లాను. మొలిచాయి. తర్వాత పదిహేను రోజులు మబ్బు, సన్న జల్లు. మొలకలు వెలుతురు వెతుక్కుంటూ పాలిపోయి వెంట్రుకల్లా సాగాయి, ఒకదాని మీద ఒకటి పడి అంటుకుపోయాయి. ఆ గింజలు మా అమ్మ దొడ్లో కట్టిన ముదురు గులాబీ రంగువి, అవి మళ్లీ దొరకలేదు. ఆ ఏడు తర్వాత ఏ రకమైనా చేతిలో ఉన్న గింజలన్నీ ఒకేసారి చల్లడం మానేశాను, సగం ఎప్పుడూ దాస్తాను. మీరు కూడా ఆ ప్యాకెట్‌లో మిగిలింది మొత్తం ఒకేసారి వేయకండి. చెన్నైలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు సంక్రాంతి దాటగానే వేసుకోవచ్చు, మొక్క మే నెల కత్తిరి ఎండల్లో కూడా పూస్తుంది, అయితే చిన్న కుండీల్లో ఆ రోజుల్లో రోజూ నీళ్లు కావాలి.

ఎండ. దీనికి రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి. వెలుతురు బాగా వస్తుందండీ అంటే సరిపోదు, చేతి నీడ నల్లగా పడాలి. మీది పడమటి బాల్కనీ కాబట్టి ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా ఎండ ఉంటుంది, పనవుతుంది, కానీ కుండీ గోడ వైపు కాకుండా రెయిలింగ్‌ను ఆనుకుని లోపలి వైపు ఉండాలి. మూడో అంతస్తు కదా, రెయిలింగ్ బయటికి వేలాడదీయకండి, కింద మనుషులు నడుస్తారు. ఇక్కడ దక్షిణపు బాల్కనీ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. బెంగళూరు, చెన్నై రెండూ ఇంచుమించు 13 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే జనవరిలో ఎండతో నిండిన దక్షిణపు బాల్కనీకి మే నెలలో నేరుగా ఎండ రాదు. మొక్క పూయడం మానేస్తే ఎరువు తక్కువైందనుకుంటారు, కారణం అది కాదు.

పువ్వు విచ్చే వేళ గురించి మీరు అడగలేదు గానీ తప్పకుండా టెన్షన్ పడతారు కాబట్టి చెప్తున్నా. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. ఎండ తగిలాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. తూర్పు ఎండ ఉన్న మా మేడ మీద తొమ్మిదిన్నరకు విచ్చుకుంటాయి. మీ వైపు పొద్దున ఎండ లేదు కాబట్టి పదకొండు, పన్నెండు కావచ్చు. మబ్బు రోజున సగం విచ్చి ఆగిపోతాయి, ముసురు పడితే మొగ్గ మొగ్గలాగే వాడిపోతుంది. అది జబ్బు కాదు. ఆఫీసుకు ఎనిమిదింటికి వెళ్లి ఏడింటికి వచ్చేవాళ్లు ఈ పువ్వును శని, ఆదివారాలే చూడగలరు, అది తెలిసి పెంచుకోవాలి. ఈమధ్య సంకర రకాలు కొన్ని సాయంత్రం దాకా విచ్చుకుని ఉండేలా తయారు చేశారు, ప్యాకెట్ మీద చూసి కొనండి.

శని, ఆదివారాలన్నాను కదా, అలాంటి రోజు ఒంటి రేకుల పువ్వు ఒకటి బాగా విచ్చినప్పుడు మధ్యలోని పసుపు కేసరాల్ని అగరుబత్తి పుల్లతో మెల్లగా తాకి చూడండి. అవి కదులుతాయి. తాకిన వైపుకు వంగుతాయి, అత్తిపత్తి ఆకు ముడుచుకున్నట్టు. పొద్దున చిన్న తేనెటీగ వాలినప్పుడు ఇదే జరుగుతుంది, ఆ వంగడంలో పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది. ఇన్నేళ్లయినా నేను ప్రతి సీజన్‌లో ఒక్కసారైనా పిల్లల్ని పిలిచి చూపిస్తాను. ఆ ఎరుపు, గులాబీ రంగులు కూడా మందార రంగు లాంటివి కావు, బీట్‌రూట్‌లో, కాగితం పూలలో ఉండే బీటాలైన్ జాతి రంగులు.

నారు మార్చేటప్పుడు వేళ్లు చాలా సన్నగా ఉంటాయి, ఒక్కో మొక్కను లాగకండి. చెంచాతో నాలుగైదు మొలకల్ని మట్టి బిళ్లతో సహా ఎత్తి కుండీలో పెట్టేయండి. ఎనిమిదంగుళాల వెడల్పు ఉన్న కుండీకి అలాంటి బిళ్లలు మూడు చాలు. కుండీ లోతు అక్కర్లేదు, ఐదారంగుళాలు సరిపోతుంది, వెడల్పే కావాలి. మొక్క నాలుగంగుళాలు అయ్యాక కొసలు ఒకసారి గిల్లండి, పక్క కొమ్మలు వేసి పాకుతుంది. ఆ గిల్లిన ముక్కల్ని పారేయకండి, అదే కుండీలో ఖాళీ ఉన్నచోట గుచ్చితే వారం పది రోజుల్లో వేళ్లు పడతాయి.

ఎరువు దగ్గర చేయి బిగపట్టండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన వారం వారం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) నీళ్లలో కలిపి పోసేవారు. మొక్క అడుగు పొడవు సాగి, ఆకులు నిగనిగలాడుతూ, రెండు నెలల్లో పట్టుమని పది పూలు పూయలేదు. అదే మా మేడ మీద పిట్టగోడకూ నేలకూ మధ్య పగులులో, సిమెంటు పొడీ గాలి దుమ్మూ తప్ప ఏమీ లేనిచోట, రాలిన గింజ ఒకటి తనంతట తను మొలిచి జానెడు వెడల్పు పాకింది. ఒక ఆదివారం పొద్దున లెక్కపెడితే ఇరవై మూడు పూలు. దానికి నేను చెంబెడు నీళ్లు కూడా పోసి ఎరగను. పూత మొదలయ్యాక నెలకోసారి గుప్పెడు పాత కంపోస్టు పైన చల్లండి, అంతకు మించి వద్దు. నీళ్లు కూడా వేలు అంగుళం దించితే పొడిగా తగిలినప్పుడే. ఆకు మెత్తబడి కొంచెం ముడతపడితే దాహం, ఆకు గాజులా మెరిసి ముట్టుకుంటే రాలిపోతే నీళ్లు ఎక్కువ. ఈ రెండింటి తేడా చేతికి ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోరు.

పురుగులు తక్కువ. కొమ్మ కణుపుల్లో తెల్ల దూదిలా పిండినల్లి వస్తే ఆ కొమ్మ కోసేసి, మిగతా వాటికి సాయంత్రం పూట వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. కణుపుల్లో ఉండే మొక్క సొంత నూగును పిండినల్లి అనుకుని భయపడకండి, నూగు వెంట్రుకల్లా ఉంటుంది, గోరుతో గీకితే జిగురు అంటదు. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే కుండీ అందకుండా పెట్టండి, ఈ మొక్కలో ఆక్సలేట్లు ఉంటాయి, నమిలితే వాటికి పడదు.

కొమ్మ గుచ్చుకోవడం మేలా అన్నారు. ఫలానా రంగు, ఫలానా ముద్ద పువ్వు అచ్చం అలాగే కావాలంటే కొమ్మే మేలు, అందులో సందేహం లేదు. ముద్ద పూల గింజలు వేస్తే కొన్ని ఒంటి రేకులవి వస్తాయి, రంగులు కూడా మారతాయి. ఇంకోటి, నర్సరీల్లో ఇప్పుడు కుండీల్లో అమ్మేవి చాలావరకు వెడల్పు ఆకుల రకం, అది ఇదే కుటుంబంలో వేరే జాతి, కొమ్మలతోనే పెంచుతారు. సూది ఆకుల ముద్ద నాచు పూలే కావాలంటే ఆకు చూసి అడగండి. నేను విత్తనాన్ని ఎందుకు వదలనంటే, ఒక్క చిటికెడుతో పది కుండీలు నిండుతాయి, ఏ కుండీలో ఏ రంగు విచ్చుతుందో ఆ పొద్దున దాకా తెలియదు. పైగా ఇది ఏడాది మొక్క. బెంగళూరు వానలు మొదలయ్యాక కొమ్మలు సాగి, అడుగున ఆకులు రాలి, ఆగస్టుకల్లా డీలా పడుతుంది. కొమ్మల్ని వానాకాలం, చలికాలం దాటించడం కష్టం, గింజను దాటించడం తేలిక.

గింజ తీయాలంటే పువ్వు ముడిచిన రెండు మూడు వారాలు ఆ కొసను కదపకండి. వాడిన రేకులు రాలిపోయి, మిరియపు గింజంత కాయ గోధుమ రంగుకు తిరుగుతుంది. దాని నడుం చుట్టూ సన్నని గీత కనబడుతుంది. కింద తెల్ల కాగితం పట్టుకుని గోటితో మీటితే పైసగం మూత ఊడి వస్తుంది, కుంకుమ భరిణె మూత తీసినట్టు. లోపల చిన్న గిన్నె నిండా బూడిద రంగు గింజలు, పెన్సిల్ ముల్లు పొడిలా మెరుస్తుంటాయి. మూత దానంతటదే ఊడితే గాలికి పోతాయి, కాబట్టి పొద్దున్నే మంచు ఆరకముందు తీస్తే మంచిది. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి కాగితం పొట్లంలో కట్టి, రంగూ నెలా రాసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. మూడేళ్ల కిందటి గింజలు కూడా నా దగ్గర సగానికి పైగా మొలిచాయి. పాతవి వేసే ముందు ఇరవై గింజలు తడి టిష్యూ కాగితం మీద, మూతున్న పారదర్శకమైన డబ్బాలో, కిటికీ వెలుతురులో ఉంచండి. పది రోజుల్లో ఎనిమిది పదైనా తెల్ల వేరు వదిలితే ట్రేలో వేసుకోవచ్చు. మీ ప్యాకెట్‌లో మిగిలిన గింజలకు కూడా ముందు ఈ పరీక్ష చేసి, ఎన్ని మొలిచాయో చెప్పండి, దాన్ని బట్టి ఎంత ఒత్తుగా చల్లాలో చెప్తాను.